దురద లేని మనిషి

ఆ ఆసుపత్రిలో చర్మం డాక్టరు గదీ, మనసు డాక్టరు గదీ ఒకే నడవాలో ఎదురెదురుగా ఉండేవి. చర్మం డాక్టరు పెద్దాయన. రిటైర్మెంటు దగ్గరపడింది, నోటికి మాత్రం తాళం పడలేదు. ఒళ్ళంతా పురుగులున్నాయని వచ్చిన రోగి ఒంటి మీద ఎంత వెతికినా ఏమీ దొరక్కపోతే, నడవా దాటొచ్చి ఎదురు తలుపు కొట్టి, "తల్లీ, నీ సరుకు నా కొట్టుకొచ్చింది. పంపించనా?" అనేవాడు.

"మెల్లగా అనండి సార్, బయట వింటారు," అని నవ్వేది డాక్టరమ్మ.

అలాంటి రోగుల్ని బాగుచెయ్యడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. పురుగులు లేవని ముఖం మీద చెప్పేసిన డాక్టరు దగ్గరికి వాళ్ళు మళ్ళీ రారు. ఉన్నాయని ఒప్పుకుంటే ఇక ఆ భ్రమ వదలదు. రెండింటి మధ్యా నడవడానికి ఆమె ఒక మాట వెతికి పెట్టుకుంది. రోగి కళ్ళలోకి చూస్తూ, "మీరు పడుతున్న బాధ నిజం. ఆ బాధ తగ్గించడం నా పని," అనేది. పురుగు ఊసే ఎత్తేది కాదు. ఎన్నాళ్ళుగానో అందరిచేతా పిచ్చివాళ్ళనిపించుకున్న మనుషులు ఆ మాటతో అక్కడే కూలబడి ఏడ్చేవాళ్ళు. ఏడుపయ్యాక మాత్రలు వేసుకునేవాళ్ళు. మెల్లమెల్లగా తేరుకునేవాళ్ళు.

చిత్రమేమిటంటే ఆమెకి అసహ్యం ఎక్కువ. ఇంట్లో అత్తగారు పాలగ్లాసు అందిస్తే, పైన మీగడ పొర కనిపించిందంటే చాలు, మొహం తిప్పేసుకునేది. చెంచాతో ఆ పొరంతా తీసేసి, వడకట్టుకుంటే గానీ గుక్క దిగేది కాదు. "పుళ్ళు చూసే డాక్టరువి, మీగడకి భయమేమిటే నీకు?" అని అత్తగారు ఎగతాళి చేసేది. డాక్టరమ్మ మాత్రం రోగుల ముందు ఆ అసహ్యాన్ని కంటిరెప్ప మీదికి కూడా రానిచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి లేవబోతుంటే, చర్మం డాక్టరు ఈసారి జోకేమీ వెయ్యకుండా ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఆలుమగలు. కాస్త నెమ్మదిగా చూడు తల్లీ," అని చెప్పి, చేతులు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మనుషులకంటే ముందు వాసన వచ్చి కూర్చుంది. కిరసనాయిలు, ఫినాయిలు, వాటి అడుగున ముగ్గిన పండులా తియ్యగా చీము వాసన. భార్యకి యాభై దగ్గర. ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతుంది కాబట్టి వీధిలో అందరూ టీచరమ్మ అంటారు. తల నున్నగా గొరిగించుకుంది. మెడ దాకా గుండీలు, మణికట్ల దాకా చేతులు ఉన్న రవిక, ఆ పైన రబ్బరు తొడుగులు. భర్త పొట్టిగా, పొందికగా ఉన్నాడు. గడియారాలు బాగుచేస్తాడు. కంటికి తగిలించుకునే భూతద్దం దారం కట్టి మెడలో వేసుకున్నాడు. ఆయన ముంజేతుల మీద కూడా కొత్తా పాతా గీరుడు గుర్తులు.

ఆయన జేబులోంచి ఒక అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. రెండు వేళ్ళతో, లోపల ఏదో నిద్రపోతున్నట్టు, నెమ్మదిగా తెరిచాడు.

"చూడండమ్మా. చూశాక మాట్లాడండి."

లోపల ఎండిన పక్కులున్నాయి. నల్లబడిన నెత్తురు పెళ్ళలు, బూడిదరంగు నూగు, ఒక గోరు అంచు, తడి ఆరని తెల్లటి తోలు ముక్క. ఒకటి పెట్టె మూతకి అంటుకుని ఉంటే ఆయన సన్నటి పట్టకారుతో ఒడుపుగా విడదీసి, ఆమె ముక్కు దగ్గరికి తెచ్చాడు.

"ఇది నిన్న దొరికింది. మా ఆవిడ కంటిరెప్ప లోపల."

డాక్టరమ్మ భూతద్దం అడిగి తీసుకుని చూసింది. చూడకుండా మాట్లాడకూడదు, అది ఆమె నియమం.

"ఇవి కదలడం లేదండీ," అంది మెత్తగా.

"వెలుగు తగిలితే చచ్చినట్టు పడుంటాయి. మహా నటులు."

డాక్టరమ్మ టీచరమ్మ వైపు తిరిగింది. "మీరు పడుతున్న బాధ నిజం. దాన్ని తగ్గించడం నా పని."

టీచరమ్మ తొడుగుల చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. భర్త ఆమె భుజం తట్టలేదు. ఆ వణికే మెడ వంకే కన్నార్పకుండా చూస్తూ, పట్టకారు పట్టుకున్న చెయ్యి కాస్త పైకెత్తాడు.

నర్సు తెరచాటుకి తీసుకెళ్ళి ఆమె రవిక విప్పించినప్పుడు, డాక్టరమ్మ దీపం దగ్గరికి జరిపి మళ్ళీ చూసింది. దురదకి గోళ్ళతో గీరుకున్న వీపులు ఆమె చాలా చూసింది. ఇది గోళ్ళ పని కాదు. మెడ నుంచి నడుం దాకా వరసలు వరసలుగా, ఒకే కొలతలో, గుండీ కాజాల్లా చిన్న చిన్న చీలికలు. కొన్ని మానాయి. కొన్నిట్లో పసుపుపచ్చగా తడి నిలబడి ఉంది. భర్త రోజూ భూతద్దం పెట్టుకుని, గడియారంలో మరలు తీసినంత శ్రద్ధగా చేసిన పని అది.

ఒక మనిషి భ్రమ ఇంకో మనిషికి అంటుకోవడం ఈ జబ్బులో అరుదేమీ కాదు. ఒకే కప్పు కింద, ఎప్పుడూ ఇద్దరే ఉండేవాళ్ళలో అది సాగుతుంది. విడదీసి ఉంచితే అంటుకున్నవాళ్ళకి చాలాసార్లు దానంతటదే వదులుతుంది. భ్రమ మొదట పుట్టినవాళ్ళకి మందు కావాలి. టీచరమ్మకే ముందు దురద మొదలైందని ఇద్దరూ చెప్పారు గనక డాక్టరమ్మ ఆమెను వార్డులో చేర్చుకుని, ఆయన్ని ఇంటికి పంపింది. వెళ్తూ వెళ్తూ ఆయన అగ్గిపెట్టె మర్చిపోకుండా తీసుకున్నాడు.

మందు పనిచేసింది. మొదట టీచరమ్మకి నిద్ర పట్టింది. తర్వాత తొడుగులు తీసింది. వీపు మీద చీలికలు మాని గులాబిరంగు మచ్చలయ్యాయి. తల మీద పొట్టి పొట్టి వెంట్రుకలు మొలిచాయి. ఇంటికి కాక చెల్లెలి దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి చూపించుకోవడానికి వచ్చేది. ఒకసారి డాక్టరమ్మ కూతురు పాపకని చిన్న గౌను కుట్టి తెచ్చింది. అంత బాగుపడిన మనిషిని చూసి చర్మం డాక్టరు సైతం, "నా దగ్గర ఇన్ని తైలాలున్నాయి, నీ మాటంత పని ఏదీ చెయ్యదు తల్లీ," అన్నాడు.

ఆ తర్వాత వచ్చినప్పుడు టీచరమ్మ కుర్చీ అంచున కూర్చుంది.

"ఒళ్ళు తేలిగ్గా ఉందమ్మా. పాకడం లేదు, కుట్టడం లేదు. పోయాయి." ఆగి, సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "పోయాయి అంటుంటే నాకే అదోలా ఉంటుంది. పోయాయంటే ఎక్కడికో పోవాలి కదా!"

"అలా అనిపించడం తప్పు కాదు. ఇంకేదో అడగాలనుకుంటున్నారు."

"మా ఆయన సంగతి. మీరు రమ్మంటే రావడం లేదు కదా. మొన్న ఫోను చేశారు. హాయిగా ఉన్నానన్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఆ మనిషి నోటంట హాయి అనే మాట నేను వినలేదమ్మా." గొంతు తగ్గించింది. "మాట కూడా... నోటినిండా ఏదో పెట్టుకుని మాట్లాడినట్టుంది. మీరొక్కసారి చూసి రండి. నాకు ఆ గుమ్మం ఎక్కడానికి కాళ్ళు రావడం లేదు."

మర్నాడు భోజనాల వేళ దాటాక డాక్టరమ్మ ఆసుపత్రి బండిలో బయలుదేరింది. రద్దీ వీధి. కింద గడియారాల కొట్టు మూసి ఉంది. దాని పై అంతస్తే ఇల్లు. కిటికీలన్నిటికీ లోపల్నుంచి నల్ల ప్లాస్టిక్కు అతికించి ఉంది. పక్కనే పళ్ళబండి వాడు అరుస్తున్నాడు, ఎదురుగా బడిపిల్లలు గోల చేస్తున్నారు. డ్రైవరు తోడొస్తానన్నాడు. ఇద్దరిని చూస్తే ఆయన తలుపు తియ్యడేమోనని ఆమె ఒక్కతే మెట్లెక్కింది.

సగం మెట్లు ఎక్కేసరికి వీధి చప్పుడు వెనకబడిపోయింది. కిరసనాయిలు వాసన లేదు. ఫినాయిలు వాసన లేదు. పసిబిడ్డ మాడు దగ్గర ఉండే వాసన లాంటిది వస్తోంది. పాల వాసన, చెమట వాసన కలిసి. కానీ అది అంత మెట్లదారి నిండా ఉండటం... ఆమె చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తలుపు దగ్గర చేతిసంచిలో దాచుకుంది.

తట్టకముందే తలుపు తెరుచుకుంది.

"రండమ్మా. మీరొస్తారని అనుకుంటూనే ఉన్నాం."

"అనుకుంటూనే ఉన్నాం" అన్నాడు. లోపల ఇంకెవరూ కనిపించలేదు.

గదిలో చీకటి. మధ్యాహ్నపు ఎండ బయట మండుతుంటే లోపల నల్లటి, తడి చీకటి. ఎవరో మొహం మీద మొహం పెట్టి ఊపిరి వదులుతున్నట్టు వెచ్చగా ఉంది గాలి. ఫోను వెలిగించి చూస్తే గోడలకి చెమట పట్టి ఉంది. ఆయన చొక్కా లేకుండా, పంచెతో ఉన్నాడు. ఆమె వెలుగు ఆయన ముంజేతుల మీద ఆపింది. ఒక్క గీరు లేదు. ఒక్క మచ్చ లేదు. ఒక్క వెంట్రుక కూడా లేదు. నానబెట్టి పొట్టు తీసిన గింజలా, తెల్లగా, నిగనిగలాడుతూ ఉంది ఆ చర్మం.

"చేతులు కడుక్కుంటారా?" అని ఆయనే అడిగాడు.

స్నానాలగదిలో తొట్టి అంచు దాకా నిండి ఉంది. ఆ నీళ్ళ మీద ఒక పొర కట్టింది. కాచి చల్లార్చిన పాల మీద కట్టినట్టు, దళసరిగా, ముడతలు ముడతలుగా. కొళాయి నుంచి ఒక్క చుక్క జారి దాని మీద పడింది. పొర చిట్లలేదు. అణిగి... మళ్ళీ లేచింది. లేచాక కాసేపు ఆగకుండా, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు సన్నగా వణికింది.

డాక్టరమ్మ చేతులు కడుక్కోకుండానే వచ్చేసింది.

ఆమె కుర్చీలో కూర్చునేసరికి చిన్న బల్ల మీద టీ కప్పు సిద్ధంగా ఉంది. పొగలు వస్తున్నాయి. పైన మీగడ.

"తాగండమ్మా. మా ఇంటికొచ్చినవాళ్ళు ఎవరూ ఏమీ ముట్టుకోరు."

ఇలాంటి రోగి ఇంట్లో ఇచ్చింది వద్దంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. మీరు కూడా నన్ను అసహ్యించుకుంటున్నారన్నట్టు చూస్తారు. ఇక నోరు విప్పరు. ఇన్నాళ్ళ పనీ గంగలో కలుస్తుంది. పొరని పెదవితో పక్కకి నెట్టి ఒక గుక్క తాగింది. రెండో గుక్కలో పొర పెదవి దాటి వచ్చేసింది. నాలుక మీద పరుచుకుంది... అంగిట్లో అతుక్కుంది... ఆమె మింగక ముందే దిగిపోయింది. మింగానో, అదే దిగిందో ఆ తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకి తేలలేదు.

కప్పు కింద పెట్టి, ఎప్పుడూ చెప్పే మాట చెప్పింది.

"మీరు పడుతున్న బాధ నిజం."

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "బాధా? నాకేం బాధమ్మా?"

బాధ ఉన్నవాడికి ఆమె దగ్గర మందుంది, ఓదార్పుంది. ఏ బాధా లేదంటున్నవాడికి?

"పట్టకారుతో పీకేవాణ్ణి చూడండి, అదీ మేం చేసిన పొరపాటు," అన్నాడాయన తీరుబడిగా. "ఎవరినైనా ఉన్న ఇంట్లోంచి జుట్టు పట్టి లాగితే ఊరుకుంటారా? తిరగబడరూ? పాపం మా ఆవిడ అందుకే అంత నరకం పడింది. మానేశాను. ఇప్పుడు సర్దుకున్నాయి."

"సర్దుకున్నాయంటే..."

"కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు కొన్నాళ్ళు చప్పుడు చేస్తారు. తర్వాత సర్దుకోరూ? అలాగే. కాస్త వెచ్చగా ఉంచితే చాలు వాటికి. పాపం, అంతకంటే ఏమీ అడగవు."

మాట ఆపాడు. నవ్వాడు. నవ్వు ఆగిపోయింది. కుడి బుగ్గ మాత్రం ఆగలేదు.

నరం అదురుతోంది, అనుకుంది ఆమె. నరమే. పోషణ లేకపోతే అదురుతుంది. విటమిన్లు తక్కువైనా అదురుతుంది. ఆ కదలిక బుగ్గ నుంచి దవడకి వచ్చింది... దవడ నుంచి మెడకి... మెడ దగ్గర రెండుగా చీలి, చెరో భుజం వైపు పోయింది.

ఆమె ఫోను ఆర్పేసింది. చూడటం కంటే చీకటే నయమనిపించింది. ఆ చీకట్లో ఆయన గొంతు గుసగుసగా, బాగా దగ్గర్నుంచి వచ్చింది.

"మీకెక్కడ మొదలైందమ్మా?"

అప్పుడు గానీ ఆమెకి తెలియలేదు, తన ఎడమ మోచెయ్యి చాలాసేపటి నుంచి గోక్కుంటోందని.

"మా ఆసుపత్రికి రండి," అంది. తన గొంతు తనకే అరువు గొంతులా ఉంది. "పెద్ద డాక్టరుగారు మిమ్మల్ని ఒకసారి చూస్తారు. నాలుగు రోజులు ఉందురుగాని."

రానంటాడని, బతిమాలాలని అనుకుంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు.

"అక్కడ చాలామంది ఉంటారు కదూ?"

"ఉంటారు."

"అయితే పదండి."

చొక్కా తగిలించుకుని, ఇంకేమీ తీసుకోకుండా గుమ్మం వైపు నడిచాడు. వెనకే వెళ్తూ ఆమె వంటగదిలోకి ఒక చూపు చూసింది. గ్యాసు పొయ్యిని ఒక్కో మరా ఊడదీసి, ముక్కలన్నీ నేల మీద వరసగా పరిచి ఉన్నాయి. పురుగులు వెతకడానికి ఎప్పుడో విప్పి ఉంటాడు. ముక్కల మీద వేలు మందాన దుమ్ము. ఇంకో పొయ్యి లేదు. కరెంటు కుంపటి లేదు. తాగిన టీ ఇంకా ఆమె కడుపులో సలసల కాగుతున్నట్టే ఉంది. మరి ఆ టీ ఎక్కడ కాచినట్టు?

బండిలో ఆయన ఆమె పక్కనే కూర్చుని, కాసేపట్లోనే నిద్రలోకి జారి, ఆమె భుజం మీద తల వాల్చాడు. నెట్టేస్తే బాగుండదు. చీర మీంచి ఆ చెంప వేడి తగులుతోంది. వేడి ఒక్కటే కాదు. ఉడుకుతున్న గిన్నె మూత మీద చెయ్యి ఆనిస్తే లోపల కుతకుతలాడటం తెలుస్తుంది చూడండి, అలా. ఆసుపత్రి వచ్చేదాకా ఆమె ఊపిరి పైపైనే పీల్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే పాప పరుగెత్తుకొచ్చింది.

"ముట్టుకోకు!"

ఆ అరుపుకి పాప ఉన్నచోటే నిలబడిపోయింది. వంటింట్లోంచి అత్తగారు గరిటెతో సహా వచ్చింది. "ఏమైందమ్మా? దాన్నెందుకలా కసిరావు?"

డాక్టరమ్మ స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంది. కాగే నీళ్ళు పోసుకుంది. పాత్రలు తోమే పీచుతో ఒళ్ళు ఎర్రగా కందేదాకా రుద్దుకుంది. గొంతులో వేలు పెట్టుకుని కక్కింది. టీ వచ్చింది. పొర రాలేదు. తడి నేల మీద చతికిలబడి, రోగికి చెప్పినట్టు తనకి తనే చెప్పుకుంది. అంటుకుంది. టీచరమ్మ నుంచి వాళ్ళాయనకి అంటుకున్నట్టే నాకూ అంటుకుంది. భ్రమే. ఇది భ్రమేనని తెలుస్తున్నంతసేపూ ఫరవాలేదు.

తెలుస్తూనే ఉంది. గోక్కుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి చర్మం డాక్టరు ముందు కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. ఆయన ముందు నవ్వాడు. "ఇదిగో, ఇప్పుడు నువ్వే నా కొట్టుకి సరుకై వచ్చావు." ఆమె మొహం చూసి నవ్వు మింగేసి, చేతులూ మెడా వీపూ శ్రద్ధగా చూశాడు. తోలు కాస్త గీరి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు.

"ఏమీ లేదు తల్లీ. ఒట్టు. గోళ్ళ గుర్తులు తప్ప ఏమీ లేవు. వారం రోజులు సెలవు పెట్టి ఆ మనిషిని నాకొదిలెయ్."

ఆయన గడియారాలాయన్ని కూడా తల నుంచి పాదం దాకా చూశాడు. రక్తం తీయించాడు. ఎక్స్‌రేలు తీయించాడు. ఎక్కడా ఏమీ లేదు. ఒళ్ళు కాస్త వెచ్చన, అంతే. అంత ఆరోగ్యమైన చర్మం తన సర్వీసులో చూడలేదన్నాడు.

వార్డులో గడియారాలాయన ఎవరికీ ఏ ఇబ్బందీ పెట్టలేదు. పొద్దస్తమానం ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచం దగ్గరికి వెళ్ళి కూర్చునేవాడు. ఎవరు కేకలు పెడుతుంటే వాళ్ళ దగ్గర. వాళ్ళ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని నిమిరేవాడు. వాళ్ళు కేకలు ఆపేవాళ్ళు. సెలవు పెట్టకుండా వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి చూసే డాక్టరమ్మతో నర్సు సంబరంగా అంది.

"ఎంత మంచాయనమ్మా! నేను ఈ వార్డులో చేరాక ఇంత నెమ్మది ఎప్పుడూ ఎరగను. మందు వద్దని మంచాలు విరగ్గొట్టే ఆయన కూడా చూడండి, ఎలా పడుకున్నాడో. ఏమయ్యా, ఎలా ఉందంటే, హాయిగా ఉందంటాడు."

డాక్టరమ్మ ఆ మంచాల వంక చూసింది. ఎవరూ నిద్రపోవడం లేదు. అందరూ కప్పు వైపు చూస్తూ, చేతులు దుప్పట్ల కింద పెట్టుకుని, కదలకుండా పడుకుని ఉన్నారు. ఫ్యాను తిరుగుతున్నా గది ఉక్కగా ఉంది. పాల వాసన, చెమట వాసన.

"కిటికీలు తెరువు," అంది.

"చలి వేస్తోందంటున్నారమ్మా అందరూ. అందుకే మూశాను."

తానే వెళ్ళి కిటికీలన్నీ బార్లా తెరిచింది. గడియారాలాయన్ని ఆ పూటే వేరే గదిలోకి మార్పించింది. ఎవరినీ ముట్టుకోనివ్వొద్దని నర్సుకి గట్టిగా చెప్పింది. గది తలుపు మూస్తుంటే ఆయన, ఆడపిల్లని అత్తారింటికి పంపించి వచ్చిన తండ్రిలా, ఇక తన పనేమీ లేదన్నట్టు ఒక నిట్టూర్పు విడిచాడు. మర్నాడు మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. నొప్పి లేదు, పెనుగులాట లేదు. దుప్పటి మడత కూడా చెదరలేదు.

ఎందుకు పోయాడో ఎవరికీ తెలియలేదు. మరుసటి రోజు కోసి చూడాలన్నారు. శవాన్ని చల్లగదికి పంపేముందు టీచరమ్మ చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. గది బయటే నిలబడిపోయింది. ఎంత చెప్పినా గుమ్మం దాటలేదు. దాటకుండానే, చప్పుడు లేకుండా, చీర చెంగు తడిసేలా ఏడ్చింది. డాక్టరమ్మ ఆమెని దగ్గరికి తీసుకోబోయింది.

టీచరమ్మ ఏడుపు ఆపి ఆమె మొహంలోకి చూసింది. "మా ఆయన మిమ్మల్ని ముట్టుకున్నారామ్మా?"

భుజం మీద ఆ చెంప. నాలుక మీద ఆ పొర.

"లేదు," అంది డాక్టరమ్మ.

టీచరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. మాని గులాబిరంగు తేలిన తన చేతులు రెండూ చెంగు లోపల దాచుకుంది. తనకి ప్రాణం పోసిన మనిషిని చూస్తున్నట్టు లేదు ఆ చూపు. అగ్గిపెట్టెలోకి చూస్తున్నట్టుంది.

"దణ్ణం పెట్టుకుంటానమ్మా, ఇక్కణ్ణుంచే," అని, చేతులు బయటికి తియ్యకుండానే తల వంచి, గబగబా వెళ్ళిపోయింది.

డాక్టరమ్మకి కోపం రావాలి, రాలేదు. ఏడుపు రావాలి, అదీ రాలేదు. ఇంటికెళ్ళే దారిలో ఒక సంగతి తట్టింది. పొద్దుట్నుంచీ తాను ఒక్కసారి కూడా గోక్కోలేదు. మోచెయ్యి తడుముకుంది. గోళ్ళ గుర్తులు కూడా తగ్గిపోయాయి. ఎంత హాయిగా ఉందో! ఆయనతోపాటే భ్రమ కూడా పోయింది, అనుకుంది. ఇలాంటి భ్రమలు అలాగే పోతాయి.

ఇంట్లో అత్తగారు దీపాలు వేస్తోంది. డాక్టరమ్మ సోఫాలో కూర్చుని పాపని పిలిచింది. అరిచిన నాటి నుంచీ పాప దూరదూరంగానే తిరుగుతోంది. బెదురు బెదురుగా వచ్చింది. "రా బంగారం, అమ్మకి తగ్గిపోయింది," అని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పాప ముందు బిగుసుకుని, తర్వాత వదులై, మోకాళ్ళు ముడుచుకుని, చెంప ఆమె పొట్టకి ఆనించి కళ్ళు మూసుకుంది.

అప్పుడు ఫోను మోగింది. చల్లగది చూసుకునే మనిషి. ఆయన ఎప్పుడూ ఆమెకి ఫోను చేసింది లేదు.

"డాక్టరమ్మా, తప్పుగా అనుకోకండి. ఎవరిని అడగాలో తెలియక..." గొంతు బాగా దించి మాట్లాడుతున్నాడు, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు. "మీ వార్డు నుంచి వచ్చినాయన ఇంకా చల్లబడలేదమ్మా. మధ్యాహ్నం ఎలా వచ్చాడో అలాగే ఉన్నాడు."

"చల్లదనం సరిగ్గా పెట్టారా?"

"ఐసు కట్టేంత పెట్టానమ్మా. నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి." ఆగాడు. "అది కాదమ్మా నేను చెప్పబోయేది... పక్క బల్ల మీద ముసలమ్మ ఉంది కదా. ఎవరూ రాక, వారం పైనుంచి పడి ఉన్న శవం. ఇందాక దుప్పటి సర్దుదామని చెయ్యి వేశాను..."

"ఊఁ."

"ఆవిడ కూడా వెచ్చబడిందమ్మా."